వట్టి చేతుల మాష్టారు – ఫునకోషి గిచిన్ గారి జీవితము

సంవత్సరాది సంచికలో మన వేమన్నను గురించో, త్యాగయ్యగారిని గురించో, వీరేశలింగం పంతులుగారిని గురించో వ్రాయక, ఎక్కడి జపాను దేశపు బడి మాష్టారిని పట్టుకొని వచ్చాడేమిటి వీడు అని పాఠక మహాశయులు అనుకోవచ్చును. కారణం మన యిళ్ళలోనే ఉన్నది. ఆదివారం నాడు పొద్దున్నే తెల్లని పంట్లాము, తెల్లని చొక్కా తొడుక్కొని, నడుముకు రంగు పట్టీ బిగించుకొని బయలుదేరే చిన్నపిల్లలను మన పోదనూరులో చూడనివారు ఉండరు. ఆరేళ్ళ పిల్ల కూడా వరుసలో నిలబడి, గురువు అంకె పలుకగానే పిడికిలి ముందుకు చాచి ఒక్క కేక వేస్తుంది. ఆ అంకెలు జపాను అంకెలు. నేర్పే మాష్టర్లు పై ఊళ్ళ నుంచి వచ్చి పోతూ ఉంటారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వారి కంటె పెద్ద మాష్టరు ఇంకా దూరం నుంచి వచ్చి, పట్టీలకు పరీక్ష పెట్టి, పోటోలు దిగి, రైలెక్కి వెళ్ళిపోతారు. తల్లిదండ్రులు గోడ నీడన నిలబడి చూస్తూ ఉంటారు. ఈ విద్య ఎక్కడిది, దీనిని పిల్లల చేతికి తెచ్చి యిచ్చిన మహానుభావుడెవరు అని అడిగితే మాత్రం, సినిమాలో చూసిన పేరొకటి చెప్పి ఊరుకుంటారు.

ఆ మహానుభావుడు సినిమా వీరుడు కాడు. మూడు యెన్ల జీతానికి చిన్న బడిలో పాఠాలు చెప్పుకొన్న ఉపాధ్యాయుడు. నాలుగు రోజుల పనిమీద పై ఊరు వెళ్ళి, అక్కడే ముప్పై అయిదేళ్ళు ఉండిపోయినవాడు. మన పెద్దలలో ఎంతమంది అలాగే వచ్చారు! కొందరు తరతరాల క్రితం కత్తితోనో, మగ్గంతోనో, నాగలితోనో వచ్చారు. కొందరు రైల్వే ఆర్డరు చేతబట్టుకొని, రెండేళ్ళలో బదిలీ చేయించుకొని పోదామనుకొంటూ వచ్చారు. అందుచేత ఈ మాష్టారి కథ మనవారికి పరాయి కథగా తోచదని నా నమ్మకం.

ఆయన పేరు గిచిన్, ఇంటిపేరు ఫునకోషి. మనవలెనే జపానువారు కూడా ఇంటిపేరే ముందు చెప్పుకొంటారు. 1868 నవంబరు 10వ తేదీన ఒకినావా ద్వీపంలోని షురి పట్టణంలో జన్మించారు. ఒకినావా అంటే జపానుకూ చీనాకూ నడుమ సముద్రంలో ఉన్న ద్వీపం. అప్పటికి అది ర్యుక్యు అనే చిన్న రాజ్యం. 1609లో జపాను దక్షిణాన ఉన్న సత్సుమా ప్రభువులు దండెత్తి దానిని లొంగదీసుకొన్నారు. అయినప్పటికీ పేరుకు రాజు, కోట, కొలువు సాగుతూనే వచ్చాయి. 1879లో జపాను ప్రభుత్వం ఆ రాజరికాన్ని తీసివేసి ఒకినావాను తన జిల్లాలలో ఒకటిగా కలుపుకొన్నది. అప్పటికి మన గిచిన్ గారికి పదేళ్ళు. అక్కడి భాష వేరు, ఆచారం వేరు. టోకియో వాసులకు ఒకినావా వారంటే కొంత చిన్నచూపు కూడా ఉండేది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. బ్రతుకుతాడని ఎవరూ అనుకోలేదు. తల్లివైపు తాతగారి యింట అపురూపంగా పెరిగాడు. తాతగారు చీనా ప్రాచీన గ్రంథాలు చదివించారు. బడిలో తోటి విద్యార్థి ఒకడు అజాతో గారి అబ్బాయి. అజాతో అంకో గారు ఆ ద్వీపంలో పేరెన్నికగన్న చేతివిద్య నిపుణులు, గొప్ప వంశీకులు. ఆ స్నేహం పుణ్యమా అని ఈ నలుసువంటి పిల్లవాడు వారి యింట అడుగు పెట్టాడు.

అజాతో గారు పగలు పాఠం చెప్పేవారు కారు. ఆ కాలంలో ఈ విద్య రహస్యం. బహిరంగంగా అభ్యాసం చేయటం అధికారులకు గిట్టదు గనుక అంతా రాత్రివేళనే. చంద్రుడు లేని రాత్రులలో చిన్న లాంతరు పట్టుకొని, షురి నుంచి గురువుగారి గ్రామానికి నడిచివెళ్ళటం, ఆ ఇంటి పెరట్లో ఒక్కటే వరుస అడుగులను మళ్ళీ మళ్ళీ వేయటం, తెల్లవారుతుండగా ఇల్లు చేరటం, ఇదీ క్రమం. ఇరుగుపొరుగు వారు ఈ కుర్రవాడు రాత్రుళ్ళు ఎక్కడికి పోతున్నాడో అని తప్పుడు ఊహలు కూడా చేశారట. గురువుగారు వరండాలో మసక దీపం ప్రక్కన నిటారుగా కూర్చొని చూసేవారు. బాగా చేస్తే ఒక చిన్న మాట. చేయకపోతే మళ్ళీ చేయమనటం. అంతకు మించి మాటలు లేవు. ఒక అడుగుల వరుసను ‘కతా’ అంటారు. ఒక కతా పూర్తిగా వంటబట్టనిదే రెండవది చూపేవారు కారు. అజాతో గారి స్నేహితులు, మరొక మహా నిపుణులు ఇతోసు అంకో గారి దగ్గర కూడా గిచిన్ గారు నేర్చుకొన్నారు. అక్కడ మూడంటే మూడు కతాలకు పదేళ్ళు పట్టింది. ఇద్దరు గురువులూ జీతం పుచ్చుకోలేదు. మన పిల్లలు మూడు నెలలకొక రంగు పట్టీ మారుస్తున్న ఈ రోజులలో ఈ సంగతి తల్లిదండ్రులు ఒకసారి తీరికగా ఆలోచించవలసినదే.

నలుసు పిల్లవాడు గట్టిపడ్డాడు. వైద్యం చదువుకోవాలని కోరిక పుట్టింది. టోకియో వైద్య పాఠశాల ప్రవేశ పరీక్షకు 1870లోగాని, ఆ తరువాతగాని పుట్టినవారే కూర్చోవాలన్న నిబంధన ఉండగా, పుట్టిన సంవత్సరాన్ని దిద్ది వ్రాయించి పరీక్ష వ్రాశారు. నెగ్గారు కూడాను. (వయసు దిద్దించుకోవటం మన దేశంలోనే పుట్టిన విద్య కాదన్నమాట.) కాని అడ్డం ఒకటి వచ్చిపడింది. అది జుట్టుముడి. పాత రాజ్యపు ఉద్యోగ వంశాలలో మగవారు జుట్టు పెంచి నడినెత్తిన ముడివేసుకోవటం పెద్దరికానికి గుర్తు. కొత్త ప్రభుత్వం ముడి తీసివేయాలన్నది, బడులు కూడా అలాగే అన్నవి. ఒకినావాలో అందరూ రెండు పక్షాలైనారు. ముడి ఉంచుకొనేవారొక పక్షం, తీసేవారొక పక్షం. ఫునకోషి వారి కుటుంబం పట్టుదలగా ముడి ఉంచుకొనే పక్షం. అందుచేత వైద్యం చదువు ముడితోబాటు అక్కడే ఆగిపోయింది.

బ్రతుకుతెరువు చూసుకోవాలి గదా. 1888లో ప్రాథమిక పాఠశాలలో సహాయోపాధ్యాయుడుగా చేరారు. ఉపాధ్యాయులకు ముడి పనికిరాదు. ఈసారి కత్తిరించివేశారు. ఇత్తడి గుండీల కొత్త కోటు తొడుక్కొని, టోపీ పెట్టుకొని తల్లిదండ్రులను చూడబోతే తండ్రి మండిపడ్డారు. తల్లి పలుకరించనైనా లేదు. ముఖం తిప్పుకొని పెరటి గుమ్మం గుండా పుట్టింటికి వెళ్ళిపోయారు. మన వైపు పిలక తీయించుకొన్నప్పుడు మన ముత్తాతల ఇళ్ళలో జరిగిన భాగోతాలు విన్నవారికి ఇది కొత్తగా ఉండదు.

పెళ్ళి అయింది. జీతం నెలకు మూడు యెన్లు, ఇంట్లో పది నోళ్ళు. అప్పట్లో అది బొత్తిగా చాలని జీతం. ఇల్లాలు పగలు కూరగాయల మడి చూసుకొని, రాత్రి మగ్గం మీద కూర్చొనేది. నూలుకు ముందే ముళ్ళు కట్టి రంగు లద్ది నేసే నేత అది. మన పోచంపల్లి చీరెల నేత వంటిదే. కోయంబత్తూరు దేవాంగుల ఆడవారికి ఆమె కష్టం వేరే చెప్పనక్కరలేదు. ఆమె భర్త అభ్యాసాన్ని చూస్తూ చూస్తూ తానూ చేయి తిప్పటం నేర్చుకొన్నది. వీధిలో త్రాగి కొట్లాడుకొనే మగవారి మధ్యకు వెళ్ళి, మాటలతోనే తగవు తీర్చి వచ్చేదని ఆయన తమ జ్ఞాపకాలలో గర్వంగా వ్రాసుకొన్నారు. ఆయన అభ్యాసం ముగించుకొని వచ్చేసరికి ఇల్లాలు ఇంట లేదంటే, ఎక్కడో ఇద్దరు తన్నుకొంటున్నారని అర్థం.

ఒకసారి దూరపు ద్వీపాలకు ప్రమోషన్ మీద వెళ్ళే అవకాశం వస్తే ఆయన వద్దన్నారు. వెళ్తే జీతం పెరుగుతుంది, గురువులు దూరమవుతారు. ఇల్లాలు కూడా దానికి ఒప్పుకొన్నది. ప్రమోషన్ కాగితం వచ్చినప్పుడు ఇంట్లో జరిగే చర్చ ఎలాంటిదో రైల్వే కాలనీ వారికి బాగా తెలుసును గనుక, ఆ ఒక్క మాటలో ఆ ఇల్లాలి గొప్పతనం కనబడుతుంది.

ఆ రోజులలోనే జరిగిన ఒక చిన్న సంఘటన పిల్లలకు చెప్పదగినది. ఒక రాత్రి పితృదేవతలకు నైవేద్యంగా పెట్టవలసిన తీపి రొట్టెలు పట్టుకొని చీకటి దారిన నడుస్తూ ఉంటే ఇద్దరు దుండగులు అడ్డగించారు. దెబ్బకు దెబ్బ తీయగల చేయి ఆయనది. అయినా తన చేతిలోని రొట్టెలు వారికిచ్చి ఇంటికి వెళ్ళారు. మరునాడు గురువులిద్దరికీ ఈ సంగతి విన్నవిస్తే వారు మెచ్చుకొన్నారు. మరి దేవతలకేమి పెట్టావని అజాతో గారు అడిగితే మనసారా ప్రార్థించి ఊరుకున్నానన్నారు. గురువులు సంతోషించారు. ఇది ముసలితనపు వైరాగ్యం కాదు, వయసులో ఉండగా జరిగినది.

ఇక విద్య పగటి వెలుగులోకి వచ్చిన వైనం. సైన్యానికి యువకులను ఎన్నుకొనేటప్పుడు వైద్యులు కొందరి కండలు, నిలువు చూసి ఆశ్చర్యపడి అడిగితే, వారు చేతివిద్య అభ్యాసం చేసినవారని తేలింది. తరువాత 1901–1902 ప్రాంతంలో కగోషిమా విద్యాశాఖాధికారి ఒగావా షింతారో గారు బడి తనిఖీకి వచ్చినప్పుడు, ఫునకోషి మాష్టారు తమ పిల్లలచేత ఈ విద్యను ఆయన ఎదుట ప్రదర్శింపజేశారు. అధికారిగారు మెచ్చి పై ప్రభుత్వానికి వ్రాశారు. దాంతో ఒకినావా పాఠశాలలలో ఇది పాఠ్యాంశమైంది. ఇందులో పెద్దచేయి ఇతోసు గారిది. రాత్రి పెరట్లో ఒక్క శిష్యుడికి ఏళ్ళ తరబడి చెప్పిన విద్యను, పగలు ఆటస్థలంలో యాభైమంది పిల్లలకు ఎలా చెప్పటం? ఆయన పాత పొడుగాటి వరుసలను విడగొట్టి, పిల్లలకు తగినట్లు అయిదు చిన్న వరుసలుగా కూర్చారు. వాటి పేరుకు ప్రశాంతి అని అర్థం. అంకె పలికితే వరుస అంతా ఒకేసారి కదిలే పద్ధతి కూడా బడి డ్రిల్లుతోబాటు వచ్చినదే. 1908లో ఇతోసు గారు ఈ విద్య బడులలో ఎందుకు ఉండాలో పది అంశాలుగా ప్రభుత్వానికి ఒక లేఖ వ్రాశారు. నేడు మన పిల్లలు మొట్టమొదట నేర్చే వరుసలు ఆ ముసలి గురువు చిన్నపిల్లల కోసం కుట్టిన చొక్కాలే.

పాతకాపులు కొందరికి ఇది నచ్చలేదు. రహస్యం పోతే పస పోతుందని వారి భయం. ఆ భయం పూర్తిగా వట్టిదని నేను అనలేను. యాభైమందికి చెప్పేది ఒక్కరికి చెప్పినంత లోతుగా ఉండదు. కాని ఒక్కరికే చెప్పిన విద్య ఆ ఒక్కరు పోతే ఏమవుతుంది? ఫునకోషి గారు బడిపంతులు గనుక ఆయనకు ఈ ప్రశ్నకు జవాబు వెదకనక్కరలేకపోయింది. మన కోడి రామ్మూర్తి నాయుడుగారు కూడా సర్కసుకు ముందు మదరాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు డ్రిల్లు చెప్పినవారేనని ఇక్కడ జ్ఞాపకం చేయటం తప్పు కాదనుకొంటాను.

1912లో జపాను నౌకాదళం ఒకినావా రేవులో లంగరు వేసినప్పుడు, నావికులు కొందరు వారం రోజులపాటు బడిలో ఉండి ఈ విద్య చూసి నేర్చుకొన్నారు. 1921 మార్చిలో యువరాజు హిరోహితో ఐరోపాకు ఓడలో వెళ్తూ ఒకినావాలో ఆగినప్పుడు, షురి కోటలోని పెద్ద మందిరంలో ఆయన ఎదుట పిల్లలు ప్రదర్శన ఇచ్చారు. వారిని నడిపించినవారు ఫునకోషి మాష్టారే. పూర్వం రాజు కొలువు తీరిన కోట అది. రాత్రివేళ దాగి నేర్చిన విద్యను ఆ కోటలో, కాబోయే చక్రవర్తి ఎదుట, బడిపిల్లలు చేసి చూపించారు.

మరుసటి ఏడు, 1922 వసంతంలో, విద్యామంత్రిత్వ శాఖవారు టోకియోలో వ్యాయామ విద్యల ప్రదర్శన ఒకటి ఏర్పాటు చేశారు. ఒకినావా తరఫున మాష్టారిని వెళ్ళమన్నారు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్ళు. అడుగుల భంగిమల ఫోటోలను మూడు చుట్టలుగా అతికించుకొని ఓడ ఎక్కారు. ప్రదర్శన కాగానే తిరిగి రావాలని ఉద్దేశం. భార్యను, ముసలివారిని ఇంట వదలి వెళ్ళారు.

ప్రదర్శన ముగిసింది. తిరుగు ప్రయాణం కట్టబోతుండగా జూడో విద్యకు మూలపురుషులైన కానో జిగోరో గారు తమ పాఠశాలలో చేసి చూపించమని కోరారు. టోకియోలో చదువుకొంటున్న గిమా అనే ఒకినావా విద్యార్థిని తోడు తీసుకొని వెళ్ళి చూపించారు. సుమారు నూరుమంది పెద్దలు చూశారు. మళ్ళీ మూట కట్టుకొంటుండగా కొసుగి అనే చిత్రకారుడు తనకూ తన మిత్రులకూ నేర్పమన్నాడు. సరే ఇంకొన్నాళ్ళు అనుకొన్నారు. ఇలా ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అనుకొంటూనే మనిషి ఊరు మారిపోతాడు. మనవారిలో దాదాపు ప్రతి కుటుంబానికీ ఇలాంటి ‘ఇంకొన్నాళ్ళు’ ఒకటి ఉన్నది.

బస ఎక్కడ? టోకియోలో ఒకినావా విద్యార్థుల వసతిగృహం ఒకటి ఉండేది, మెయిసెయి జుకు అని. దాని వాకిలి దగ్గరి చిన్న గదిలో మాష్టారు మకాం పెట్టారు. అద్దెకు బదులు కావలి, వాకిలి ఊడ్వటం, తోటపని. పిల్లలు తరగతులకు వెళ్ళాక హాలు ఖాళీ అయితే అక్కడ పాఠం. వచ్చే శిష్యులు వ్రేళ్ళమీద లెక్కపెట్టదగినంతమంది. చేతిలో పైకం లేక టోపీని, ఒకినావాలో నేసిన కిమోనోను కుదువ పెట్టవలసి వచ్చింది. కుదువ కొట్టులో గుమాస్తా వస్తువు విలువకు మించి డబ్బు ఇస్తే ఆయన ఆశ్చర్యపడ్డారు. ఆ గుమాస్తా తమ్ముడు మాష్టారి శిష్యుడని తరువాత తెలిసింది. వసతిగృహపు వంటవానికి కరాటే చెప్పి, భోజనం ఖర్చు కొంత తగ్గించుకొన్నారు. ఒకనాడు ఆయన వాకిలి ఊడుస్తూ ఉండగా పత్రికా విలేఖరి ఒకడు వచ్చి ఫునకోషి మాష్టారు ఉన్నారా అని అడిగాడు. ఇప్పుడే చెబుతానని లోపలికి వెళ్ళి, కిమోనో మార్చుకొని, హుందాగా బయటికి వచ్చి కూర్చొన్నారు. చీపురు పట్టినవారూ వీరూ ఒకరేనని తెలుసుకొని విలేఖరి నోరు తెరిచాడట.

ఆ 1922లోనే ఈ విద్యపై తొలి పుస్తకం ప్రకటించారు. 1923 సెప్టెంబరు 1వ తేదీన వచ్చిన మహా భూకంపంలో, దాని వెంట లేచిన మంటలలో టోకియో సగం బూడిద అయింది. పుస్తకం అచ్చు పలకలు పోయాయి. శిష్యులలో కొందరు చనిపోయారు, కొందరి జాడ తెలియలేదు. మాష్టారు ఒక బ్యాంకులో స్టెన్సిల్ కాగితాలు వ్రాసే పనికి కుదిరి, కర్ర పావుకోళ్ళతో రోజూ నడిచి వెళ్ళి వచ్చేవారు. సైక్లోస్టైలు మిషను రోజులు చూసిన పాత గుమాస్తాలకు ఆ పని ఎంత విసుగో తెలుసు. వసతిగృహం మరమ్మతుకు వచ్చినప్పుడు కత్తిసాము గురువు నకయామా హకుదో గారు తమ సాముగరిడీ శాలను ఖాళీ వేళల్లో వాడుకోమన్నారు. ఒక విద్య గురువు మరొక విద్య గురువుకు ఇల్లు ఇవ్వటం మన చోట ఎంత అరుదో చెప్పనక్కరలేదు. 1924లో కెయియో విశ్వవిద్యాలయంలో కరాటే సంఘం వెలిసింది. ఆ ఏడే మాష్టారు తొలి నల్ల పట్టీలు ఇచ్చారు. పట్టీల పద్ధతి కానో గారి జూడో నుంచి తీసుకొన్నది. ఒకినావా రాత్రులలో పట్టీ అన్నదే లేదు.

ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. ఒకినావా మాటలో ఈ విద్య పేరు ‘చీనా చెయ్యి’ అని అర్థమిచ్చే అక్షరాలతో వ్రాసేవారు. జపాను భాషలో ‘తే’ అంటే చెయ్యి, ‘కరా’ అని పలికే అక్షరానికి చీనా దేశమని ఒక అర్థం. అదే ఉచ్చారణ గల మరొక అక్షరానికి వట్టిది, శూన్యం అని అర్థం. (మన ‘కర’ శబ్దానికి చెయ్యి అని అర్థం గనుక మనవారెవరైనా ఇది సంస్కృతమేనని వాదించబోతారేమో, చెయ్యి అక్కడ రెండవ అక్షరంలో ఉన్నది.) ఒకినావాలో హనషిరో గారనే మరొక గురువు 1905లోనే ఈ శూన్యాక్షరం వాడారు. ఫునకోషి గారు 1929 ప్రాంతాలలో తమ శిష్యులతో చర్చించి, చీనా అక్షరం తీసి శూన్యాక్షరం నిలిపారు. ఆయుధం లేని వట్టి చెయ్యి అని ఒక అర్థం, స్వార్థం లేని వట్టి మనసు అని బౌద్ధుల అర్థం ఒకటి. పాత కతాల ఒకినావా పేర్లు కూడా జపాను వారికి నోరు తిరిగేట్టు మార్చారు. నైహంచి టెక్కి అయింది, పినన్ హెయియన్ అయింది, కుషంకు కంకు అయింది.

ఒకినావాలో చాలామంది కోపగించుకొన్నారు. తాతల నాటి పేరు మార్చే అధికారం ఇతనికెవరిచ్చారని ప్రశ్నించారు. చీనాపట్ల జపానులో ద్వేషం పెరుగుతున్న కాలమది. ఆ గాలి కూడా ఈ మార్పుకు తోడ్పడిందని చెప్పక తప్పదు. 1936లో ఒకినావా గురువులు సమావేశమై చివరకు కొత్త అక్షరానికే ఒప్పుకొన్నారు. ఇందులో తప్పొప్పులు తేల్చటం నావల్ల కాదు. కాని కోయంబత్తూరు, మధుర జిల్లాల తెలుగువారు దీనిని దూరం నుంచి చూసి ఊరుకోలేరు. మన ఇళ్ళలో పిల్లలు తెలుగు మాట్లాడుతారు, అక్షరాలు రావు. పెళ్ళి శుభలేఖలో తెలుగు మాటలను అరవ అక్షరాలలో వేయిస్తున్నాము. అక్షరం మారితే విద్య పోతుందా, నిలుస్తుందా? ఫునకోషి గారు అక్షరం మార్చి విద్యను నిలుపుకొన్నారు. నిలుపుకొన్నది అదే విద్యా అని ఆయన స్వంత ఊరివారే సందేహించారు. రెండూ నిజమే.

శిష్యులు పెరిగారు. చందాలు వేసుకొని టోకియోలో ఆయనకొక శాల కట్టించారు. 1939 నాటికి అది పూర్తిగా నడకలో ఉన్నది. మాష్టారు కవిత్వం కూడా వ్రాసేవారు. కవిత్వంలో ఆయన పేరు షోతో, అంటే దేవదారు చెట్లలో గాలి హోరు. షురి దగ్గర చిన్న కొండమీద అటువంటి చెట్ల మధ్య కుర్రతనంలో ఒంటరిగా తిరిగేవారు. ఆ గుర్తుతోనే ఆ పేరు పెట్టుకొన్నారు. శిష్యులు శాల వాకిట షోతోకాన్ అని బోర్డు కట్టారు. నేడు మన పిల్లల చొక్కాలమీద కుట్టి ఉండే షోతోకాన్ అన్న మాట ఒక వలస వచ్చిన మనిషి ఊరి కొండ జ్ఞాపకం.

ఇల్లాలు మాత్రం టోకియోకు రాలేదు. కుమారులు ఆయన దగ్గరకు చేరినా, ఆమె పూర్వికుల సమాధులను వదలి రానన్నది. ఆ సమాధుల దగ్గర పూజ తప్పకుండా జరగటం తన బాధ్యత అని ఆమె పట్టుదల. ఇరవై ఏళ్ళకు పైగా భర్త ఒక చోట, భార్య ఒక చోట. పెద్దవారి త్యాగం గురించి వ్రాసేటప్పుడు ఆ త్యాగానికి ఖర్చు ఎవరు పెట్టుకొన్నారో చాలామంది వ్రాయరు. కరాటేను జపానుకు తెచ్చినందుకు సగం ఖర్చు ఒకినావాలో మగ్గం ముందు కూర్చొన్న ఆ ఇల్లాలిది.

1945లో అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. శాల బాంబుదాడిలో కాలిపోయింది. ఆయన తరువాత విద్యను నడపగలవాడనుకొన్న మూడవ కుమారుడు గిగో క్షయవ్యాధితో ఆ సంవత్సరమే పోయాడు. ఒకినావా యుద్ధరంగమయింది, యువరాజు ఎదుట పిల్లలు ప్రదర్శన ఇచ్చిన షురి కోట నేలమట్టమయింది. సమాధులను వదలనన్న ఇల్లాలు కాందిశీకురాలై క్యూషూ దీవిలోని ఓయితాకు వచ్చింది. మాష్టారు టోకియో విడిచి ఆమెను కలుసుకొన్నారు. ఇన్నేళ్ళకు కాపురం చేయటానికి దొరికిన చోటు ఇద్దరికీ పరాయి ఊరే. తిండికి కటకట. 1947లో ఆమె కన్నుమూసింది. చివరి ఘడియలలో టోకియో వైపు తిరిగి భర్త, బిడ్డల కోసం, తరువాత ఒకినావా వైపు తిరిగి పూర్వికులకు ప్రార్థన చేసిందని ఆయన వ్రాశారు.

అస్థికలు తీసుకొని మాష్టారు టోకియోకు రైలెక్కారు. యుద్ధం ముగిసిన కొత్తలో జపాను రైళ్ళు ఎప్పుడు బయలుదేరి ఎప్పుడు చేరుతాయో చెప్పలేని రోజులు. దాదాపు ఎనభై ఏళ్ళ వృద్ధుడు, ఒళ్ళో భార్య అస్థికలు. బండి ఆగిన స్టేషన్లలో పాత శిష్యులు ప్లాట్‌ఫారం మీద ఆయన కోసం నిలబడి ఉన్నారు. పరామర్శించి, వంగి నమస్కరించి, బండి కదిలేదాకా నిలిచారు. వారెవరినీ ఆయన రమ్మనలేదు. ఆయన చరిత్ర చదివినప్పుడు నన్ను ఆపివేసిన చోటు ఇదే. ప్లాట్‌ఫారం మీద దండలు వేయించుకొనే పెద్దలను చాలామందిని చూస్తూ ఉంటాము. ఇలా ఎదురు చూసిన వారిని సంపాదించుకోవటం వేరు.

ఆపైన కథ త్వరగా చెప్పవచ్చు. 1949లో శిష్యులు జపాను కరాటే సంఘాన్ని స్థాపించి ఆయనను గౌరవ అధిపతిగా పెట్టుకొన్నారు. ఆయనకు పోటీలంటే గిట్టదు. ఎవరు ఎవరిని కొట్టారన్న లెక్కకు ఈ విద్య తగదని, మొదటి దెబ్బ ఎన్నడూ మనది కారాదని చెబుతూనే వచ్చారు. ఆ మాట ఆయన స్వయంగా తప్పినట్లు భావించుకొన్నది ఒక్కసారే. ముసలితనంలో ఒక దొంగ మీదపడితే వాడిని కదలకుండా పట్టుకొన్నారు. ఆ మాత్రం చేసినందుకే సిగ్గుపడ్డట్లు తరువాత వ్రాసుకొన్నారు. శిష్యులకు మాత్రం పోటీల మీద ఉబలాటం ఆగలేదు. 1957 ఏప్రిలు 26న మాష్టారు టోకియోలో ఎనభై ఎనిమిదవ ఏట పరమపదించారు. ఆ సంవత్సరమే, ఆయన పోయిన కొన్ని నెలలకు, ఆ సంఘంవారు తొలి జాతీయ పోటీ జరిపారు. 2021లో ఆయన ఊడ్చిన వాకిలి ఉన్న టోకియో నగరంలోనే కరాటే ఒలింపిక్సు పోటీలలో చేరింది. మరుసటి పారిస్ ఒలింపిక్సులో లేదు.

జపాను ప్రభుత్వం 2012 నుంచి మాధ్యమిక పాఠశాలల పిల్లలందరికీ ఏదో ఒక సాము విద్య తప్పనిసరి చేసింది. దేశంలో ఎక్కువ బడులు జూడోనో కత్తిసామునో ఎంచుకోగా, ఒకినావాలో చాలా బడులు కరాటే ఎంచుకొన్నాయి. అక్కడ పగటిపూట, ఆటస్థలంలో, బడి మాష్టరు అంకె పలికితే పిల్లలు అడుగు ముందుకు వేస్తున్నారు.